వేసిన వాల్వు

కోవిడ్ గొడవ సద్దుమణిగిన తర్వాత వచ్చిన వేసవిలో నన్ను ఆదోనికి వేశారు. హోదా సీనియర్ మేనేజర్, విభాగం ఇన్‌స్ట్రుమెంటేషన్. అంటే ఒత్తిడి, ప్రవాహం, మట్టం లాంటివి కొలిచే పరికరాల బాగోగులు చూసే పని. తుంగభద్ర నీటిని ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల పల్లెలకు చేర్చే ఒక తాగునీటి పథకాన్ని నడిపించే కాంట్రాక్టు మా కంపెనీకి వచ్చింది. జీవితమంతా సిమెంటు ఫ్యాక్టరీల్లో, నూలు మిల్లుల్లో గడిపినవాణ్ణి చివరికి నీళ్ళ దగ్గరికి పంపారు. పదవీ విరమణకు ముందు నా ఆఖరి పోస్టింగు అదే.

మాది ఎమ్మిగనూరే. మగ్గాల చప్పుడు మధ్య పెరిగాను. నది మరీ దూరం కాకపోయినా మా వీధికి నీళ్ళు ఎద్దుల బండి మీద పీపాల్లో వచ్చేవి. బండి రాని రోజు మా అమ్మ ఎవరితోనూ సరిగ్గా మాట్లాడేది కాదు. అందుకని ఆర్డరు చూసి తోటివాళ్ళు జాలిపడినా నేను లోపల సంతోషించాను. నీళ్ళు ఎక్కడినుంచి ఎలా వస్తాయో చూడాలన్న చిన్నప్పటి కోరిక ఉద్యోగం పేరుతో తీరబోతోంది.

పథకం స్వరూపం ఇది. మాధవరం దాటాక నదిలో ఒక పెద్ద బావి కట్టి అక్కడినుంచి పంపులతో నీళ్ళు ఎత్తుతారు. శుద్ధి చేసిన నీళ్ళు ఒక లావుపాటి గొట్టంలో దక్షిణానికి వస్తాయి. దారిలో ఒక పాయ ఎమ్మిగనూరు వైపు పోతుంది, అసలు గొట్టం ఆదోని చేరుతుంది. అక్కడినుంచి ఇంకో సన్నని గొట్టం హొళగుంద వైపు, కన్నడం తెలుగు కలిపి మాట్లాడే సరిహద్దు పల్లెల దాకా వెళుతుంది. ప్రతి పాయ దగ్గరా నేలలో ఒక సిమెంటు గది ఉంటుంది. దానిలో ఒక వాల్వు, ఒత్తిడి మీటరు, ప్రవాహ మీటరు ఉంటాయి. ఆ మీటర్లు చూపే అంకెలు సెల్‌ఫోన్ సిగ్నల్ మీద ఆదోని కంట్రోల్ రూముకు వస్తాయి.

వస్తాయి, పోతాయి. చిక్కు అక్కడే ఉంది. తెర మీద ఇప్పటి అంకె కనిపిస్తుంది, మరుక్షణం దాని స్థానంలో ఇంకోటి వస్తుంది. నిన్న మధ్యాహ్నం ఫలానా పల్లెకు ఎంత ఒత్తిడితో నీళ్ళు పోయాయని అడిగితే చెప్పగలిగేవాడు లేడు. ఆ లోటు తీర్చడానికే హిస్టోరియన్ పెట్టమన్నారు. హిస్టోరియన్ అంటే చరిత్రకారుడనే అర్థం, కానీ ఈ చరిత్రకారుడికి రాజుల సంగతి పట్టదు. ప్రతి మీటరు ఏ క్షణాన ఏం చెప్పిందో కాలంతో సహా దాచిపెట్టే డేటాబేస్ అది. ఒకసారి దాచిందంటే సామాన్యంగా ఎవరినీ చెరపనివ్వదు.

మీటర్ల దగ్గరినుంచి ఆ డేటాబేస్ దాకా అంకెల్ని మోసే ప్రోగ్రామును డేటా కలెక్టర్ అంటారు. ఇంటింటికీ తిరిగి పాలు పోయించుకుని డెయిరీలో పోసే మనిషి చేసే పనే ఇది చేస్తుంది. దారి తెగితే పాలు క్యానులోనే ఉంచుకుని, దారి పడ్డాక పోస్తుంది. అంకెలు విరగవు కాబట్టి ఎంత ఆలస్యమైనా నష్టం లేదు.

దీన్ని అమర్చడానికి ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ తరఫున హరిణి అనే ఇంజనీరు వచ్చింది. గుంటూరు వైపు అమ్మాయి. పనిలో దిట్ట, ఓపిక నాకంటే ఎక్కువ. కలెక్టర్ ఉన్న కంప్యూటరు యంత్రాల నెట్‌వర్కులో, హిస్టోరియన్ ఆఫీసు నెట్‌వర్కులో ఉన్నాయి. మధ్యలో ఫైర్‌వాల్ అనే కాపలా ఉంది. దానిలో పోర్టు అనే ఒక ద్వారం తెరిపించాలి. కలెక్టరుకు సర్వరు పేరు చెప్పాలి, రాయడానికి అనుమతి ఇప్పించాలి, ఏ మీటరును ఎంతసేపటికొకసారి అడగాలో చెప్పాలి. అన్నీ చేసినా అది కనెక్ట్ కాలేదు. చివరికి హరిణి పట్టుకున్న లోపం ఏమిటంటే, రెండు కంప్యూటర్ల గడియారాలు కలవడం లేదు. కలెక్టర్ గడియారం ముందుకు నడుస్తోంది. ఇంకా రాని కాలం నుంచి వచ్చిన అంకెను హిస్టోరియన్ తీసుకోదు. గడియారాలు కలిపాక పచ్చ దీపం వెలిగింది.

ఆ తంటాల రోజుల్లో మా మాటలన్నీ కలెక్టర్ చుట్టూ తిరిగేవి. కలెక్టర్ ఇంకా కనెక్ట్ కాలేదు, కలెక్టర్ మళ్ళీ పడిపోయింది, కలెక్టరును ఒకసారి ఆపి లేపండి అని ఫోన్లలో గట్టిగా అరుచుకునేవాళ్ళం. కంట్రోల్ రూము ఆపరేటర్ మాబాషా ఆదోనివాడు, వేళాకోళం మనిషి. ఒకసారి నన్ను పక్కకు పిలిచి, "సార్, కలెక్టర్ పడిపోయినాడని గట్టిగా అనొద్దండి. బయట ఇంటే ఊరంతా పాకుతాది" అన్నాడు. అంతకంటే వింత నది దగ్గర జరిగింది. వచ్చేవారం పంపుహౌసులో కలెక్టరును పెడుతున్నామని నేను ఫోనులో అన్న మాట విని అక్కడి కాపలా మనిషి ఆవరణంతా ఊడ్చి, దారి పక్క రాళ్ళకు సున్నం కొట్టి సిద్ధంగా ఉన్నాడు. మేము కంప్యూటరు పెట్టె మోసుకుని దిగేసరికి అతని ముఖం చూడాల్సిందే.

సరే, కనెక్ట్ అయిన తర్వాతి సంగతి చెప్పాలి. కొన్నాళ్ళ డేటా పోగయ్యాక ఒక ఉదయం హరిణి గ్రాఫు గీయించింది. తెర మీద ఒక పొడుగాటి గీత వచ్చింది. ఆదోని దగ్గర గొట్టంలో ఒత్తిడి అది. నేను దాని ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నవాణ్ణి టీ చల్లారినా లేవలేదు.

ఆ గీతలో ఊరు కనిపిస్తోంది. తెల్లవారకముందే ఒకచోట చిన్న పల్లం, రంజాన్ నెల కాబట్టి అది ఉపవాసం మొదలయ్యే ముందు తినే సహరీ వేళ. తర్వాత కుళాయిలన్నీ ఒక్కసారి తెరుచుకునే పెద్ద లోయ. ఆదివారం ఆ లోయ ఆలస్యంగా మొదలవుతుంది. ఎమ్మిగనూరు పాయలో సంత రోజు గీత ఒక తీరుగా, మామూలు రోజు ఇంకో తీరుగా ఉంది. కరెంటు పోయిన చోట తెగింది, వచ్చిన చోట లేచింది. వేల ఇళ్ళలో ఎవరికి వారు కుళాయి తిప్పుకుంటున్నారు, ఎవరూ ఎవరినీ అడగడం లేదు, అయినా అందరూ కలిసి రోజూ దాదాపు ఒకే గీత గీస్తున్నారు. మా అమ్మ బిందె కూడా ఒకప్పుడు ఇలాంటి గీతలో ఎక్కడో ఉండాల్సింది కదా అనిపించింది. సిమెంటు బట్టీల్లో ఇలాంటి గీతలు ఎన్నో చూశాను. మనుషుల్ని చూపించిన గీత మాత్రం అదే మొదటిది.

మాబాషా వెనకనుంచి చూసి, "అబ్బ, ఊరి నాడి పట్టినట్లుంది సార్" అన్నాడు. నాకు అంతకంటే మంచి మాట దొరకలేదు.

ఆ ఆశ్చర్యంలో ఉండగానే ఒక మనిషి ఉద్యోగం మీదికి వచ్చింది.

హొళగుంద వైపు గొట్టం చివర ఒక పల్లె ఉంది. పేరు చెప్పను, చివరి పల్లె అంటాను. ఆ పల్లెకు నీళ్ళు విడిచే వాల్వును లాజరు అనే లైన్‌మన్ చూసుకునేవాడు. పక్క ఊరి మనిషి, అవుట్‌సోర్సింగ్ ఉద్యోగి. ఇంట్లో కన్నడం, బయట తెలుగు. వాల్వు చేత్తో తిప్పేదే. ఉదయం పల్లె వేళకు తెరవాలి, తర్వాత మూసి నీళ్ళను ట్యాంకు వైపు మళ్ళించాలి. ఆ వాల్వుకు లిమిట్ స్విచ్ అని ఒక చిన్న మీట ఉంది. వాల్వు పూర్తిగా తెరుచుకుంటే ఒక సంకేతం, మూసుకుంటే ఇంకో సంకేతం వస్తుంది. కలెక్టరుకు అవి ఒకటి, సున్నాగా అందుతాయి. వాటిలో ఏది తెరిచినట్టో ఏది మూసినట్టో మనం చెప్పి పెట్టాలి.

డ్రాయింగులో ఒకలా, సైట్‌లో ఒకలా ఉండటం మా వృత్తిలో మామూలే. అందుకని డ్రాయింగును నమ్మకుండా ప్రతి పాయింటునూ ఫోను మీద సరిచూస్తాం. అక్కడి మనిషి వాల్వు తిప్పి చెబుతాడు, ఇక్కడ ఇంజనీరు తెర మీద ఏం మారిందో చూసి రాసుకుంటుంది. హరిణి అన్ని వాల్వులూ అలాగే సరిచూసింది, లాజరు వాల్వుతో సహా.

ఎండలు ముదిరాక చివరి పల్లె నుంచి ఫిర్యాదులు మొదలయ్యాయి. నీళ్ళు సన్నబడ్డాయి, తర్వాత కొన్ని వీధులకు రావడమే మానేశాయి. శాఖ తరఫున పథకాన్ని పర్యవేక్షించే డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, అందరూ డీఈ గారు అని పిలిచే ఆయన, కంట్రోల్ రూముకు వచ్చి ఆ పల్లె వాల్వు చరిత్ర చూపించమన్నారు. కొత్త హిస్టోరియన్ మీద ఆయనకు ముచ్చట. రిపోర్టు తీశాం. పల్లెకు నీళ్ళు ఇవ్వాల్సిన వేళ వాల్వు మూసి ఉంది. మూసి ఉండాల్సిన వేళంతా తెరిచి ఉంది. ఒకరోజు కాదు, ప్రతిరోజూ.

ఆ వాల్వు దగ్గర్లో దానిమ్మ తోటలున్నాయి. డీఈ గారికి ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. కోపం ఆయన ముక్కు మీదే ఉంటుంది. లాజరును ఇంటి దగ్గర కూర్చోమని, వేరే మనిషిని పెట్టమని ఫోనులోనే చెప్పారు. వారాంతానికల్లా అతని పేరు తీసేయమని ఏజెన్సీకి రాస్తానన్నారు. అవుట్‌సోర్సింగ్‌లో పేరు పోతే మళ్ళీ రాదు, ఆ సంగతి మాకందరికీ తెలుసు.

పల్లెలో సంగతి అంతకంటే ముందే పాకిపోయింది. లాజరు నీళ్ళు తోటలకు అమ్ముకున్నాడని అనుకున్నారు. ఆడవాళ్ళు ఖాళీ బిందెలు తెచ్చి అతని ఇంటి ముందు వరసగా పెట్టి పోయారు. తిట్టలేదు, ఒక్క మాట అనలేదు. అతని భార్య పొద్దున్నే ఆ బిందెల మధ్యలోంచి దారి చేసుకుని కూలికి పోయేదట. ఈ మాట మాబాషా చెప్పినప్పుడు అతని గొంతులో వేళాకోళం లేదు.

నాకు లాజరు ముఖపరిచయం మాత్రమే. మంచివాడో కాదో తెలియదు. నా అనుమానం మనిషి గురించి కాదు, గీత గురించి. ప్రవాహ మీటరు పల్లెకూ ట్యాంకుకూ కలిపి ఒక్కటే, దానితో తేలదు. అందుకని వాల్వు స్థితినీ గొట్టంలో ఒత్తిడినీ ఒకే గ్రాఫు మీద పెట్టి చూశాను. వాల్వు మూస్తే నీళ్ళకు ఎత్తులో ఉన్న ట్యాంకు దారి ఒక్కటే మిగిలి దానికి ముందున్న గొట్టంలో ఒత్తిడి పెరగాలి. ఇక్కడ మూసుకుంది అని పడిన ప్రతిసారీ ఒత్తిడి తగ్గుతోంది. పైగా ఒక్కసారిగా కాదు, మెట్లు మెట్లుగా తగ్గుతోంది. కొంచెం తగ్గి కాసేపు నిలబడుతుంది, ఇంకొంచెం తగ్గి మళ్ళీ నిలబడుతుంది. కొత్త మనిషి వచ్చిన రోజునుంచి ఆ మెట్లు లేవు. గీత ఒక్కసారి దబ్బున పడి, వణికి, తర్వాత సర్దుకుంటోంది.

ఆ మెట్లు ఒక మనిషి చెయ్యి. కొంచెం తిప్పి ఆగి, నీళ్ళు సర్దుకున్నాక మళ్ళీ తిప్పే అలవాటున్న చెయ్యి. పాత గొట్టంలోకి నీళ్ళు ఒక్కసారి దూకితే పగిలే ప్రమాదం ఉంది, అందుకని లైన్‌మన్లకు మెల్లగా తిప్పమనే చెబుతాం. చెప్పిన మాట వినేవాళ్ళు తక్కువ. ఎక్కడో సరిహద్దు పల్లెలో ఒకడు చక్రం తిప్పుతుంటే ఆ తిప్పే పద్ధతి ఆదోనిలో నా తెర మీద చేతిరాతలా పడి ఉంది. ఇన్నేళ్ళ సర్వీసులో నా పరికరాలు ఇంత చెప్పగలవని నేనే అనుకోలేదు.

డీఈ గారికి చూపించాను. ఒత్తిడి మీటరే తప్పేమో అన్నారు. ఆ మాట అనడానికి ఆయనకు హక్కుంది, మీటర్లు తప్పు చూపించడం మాకేమీ కొత్త కాదు. అయితే ఒక్కసారి అందరం అక్కడికే వెళ్ళి చూద్దామని, లాజరుతోనే తిప్పిద్దామని బతిమాలాను. ఆయన గొణుగుతూనే జీపెక్కారు. హరిణిని కంట్రోల్ రూములో తెర ముందు ఉండమన్నాను.

మేము వెళ్ళేసరికి లాజరు వాల్వు గది పక్కన కంపచెట్టు నీడలో నిలబడి ఉన్నాడు. నడివయసు మనిషి, ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. డీఈ గారిని చూసి చేతులు కట్టుకున్నాడు. ఎందుకిలా చేశావని ఆయన అడిగితే బదులు చెప్పలేదు. తప్పు చేసినవాడు కూడా ఏదో ఒకటి అంటాడు. ఇతను ఏమీ అనకపోవడం నాకు వింతగా తోచింది.

ముందు వాల్వు తిప్పమన్నాను. గదిలోకి దిగి చక్రం పట్టుకున్నాడు. కొంచెం తిప్పి ఆగాడు. మళ్ళీ తిప్పి ఆగాడు. నేను తెర మీద చూసిన మెట్లు నా కళ్ళ ముందు ఒక్కొక్కటే పడుతున్నాయి. చివరికి "సాకు" అన్నాడు, కన్నడంలో ఇక చాలు అని. నా కాళ్ళ కింద గొట్టంలో నీళ్ళు పరిగెత్తుతున్న హోరు వినిపిస్తోంది, నేల సన్నగా అదురుతోంది. నేను హరిణికి ఫోను కలిపి, స్పీకరు పెట్టి, ఫోను లాజరు చేతికిచ్చాను. వాల్వు సరిచూసిన రోజు చెప్పినట్టే చెప్పమన్నాను.

లాజరు ఫోను నోటికి దగ్గరగా పెట్టుకుని, "మేడం, వాల్వు ఏసినాను" అన్నాడు.

"వేసేశారా? సరే. సార్, ఇక్కడ కూడా క్లోజ్ అనే చూపిస్తోంది. సరిపోయింది" అంది హరిణి.

డీఈ గారు ఫోను వైపు చూశారు, తర్వాత నేల వైపు చూశారు. నీళ్ళ హోరు ఆయనకూ వినిపిస్తూనే ఉంది.

నేను లాజరును అడిగాను, ఏసినాను అంటే ఏమిటని. అతనికి నా ప్రశ్న అర్థం కాలేదు. పెద్ద చదువులు చదివినవాళ్ళు ఇలాంటివి ఎందుకు అడుగుతారో అన్నట్టు చూసి, "ఏసినా అంటే ఏసినా సార్. మోటరు ఏసినట్ల. నీళ్ళు పోతాండాయి గదా" అన్నాడు. మూస్తే ఏమంటావని అడిగితే, "తీసినా అంటా. మోటరు తీసినట్ల" అన్నాడు.

ఫోనులో హరిణి మెల్లగా, "మా వైపు తలుపు వేశామంటే మూశామనే కదా సార్. నేను తలుపు అనుకున్నాను" అంది.

ఎవరిని తప్పుపట్టాలి? లైటు వేస్తే వెలుగుతుంది, మోటారు వేస్తే నడుస్తుంది, తలుపు వేస్తే మూసుకుంటుంది. తలుపు తీస్తే తెరుచుకుంటుంది, లైటు తీస్తే ఆరిపోతుంది. పుట్టిన దగ్గరినుంచీ ఈ మాటలు వాడుతున్నాం, ఏనాడూ తడబడలేదు. ఎదురుగా తలుపో లైటో కనిపిస్తూ ఉంటుంది కాబట్టి మనకు తెలియకుండానే అర్థం సరిపోతుంది. వాల్వు ఆ రెండింటికీ మధ్యలో పడింది. నీళ్ళు నడిపించేది కాబట్టి అతనికి మోటారు, దారి మూసేది కాబట్టి ఆమెకు తలుపు. ఇంగ్లీషులో మాట్లాడుకుని ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు, కన్నడంలోనూ జరిగేది కాదేమో. ఇద్దరూ నిఖార్సయిన తెలుగు మాట్లాడారు, అందుకే జరిగింది.

డీఈ గారు లాజరు వైపు తిరిగి, నెమ్మదిగానే, "ఇంతా జరుగుతాంటే నువ్వొక మాటైనా సెప్పొచ్చు గదప్పా, నేను తెరిసినా అని?" అన్నారు.

లాజరు తలెత్తలేదు. "కలెక్టర్లో మూసినట్ల పడిందన్నారు సార్. కలెక్టరే సెప్పినాక నేనేం సెప్పేది? ఆయప్ప ఎప్పుడొచ్చి సూసినాడో అనుకున్యా" అన్నాడు.

మాకు నవ్వు రాలేదు. జిల్లా కలెక్టరే తన వాల్వు దగ్గరికి వచ్చి చూసి వెళ్ళాడని, తన కంటే పెద్ద సాక్షి ఉన్నాడని అనుకుని ఆ మనిషి ఇన్నాళ్ళూ బిందెల వెనక నోరు మూసుకుని కూర్చున్నాడు. తనే తెరిచాడని తనకు తెలుసు. అయినా కలెక్టర్ మాట ముందు తన చేతిని తానే నమ్మడం మానేసినట్టున్నాడు. కంట్రోల్ రూములో మేము నవ్వుకున్న వేళాకోళం ఇక్కడ ఇలా తయారైంది. కలెక్టర్ అంటే మనిషి కాదు, కంప్యూటరులో ఒక ప్రోగ్రామని అతనికి చెప్పడానికి నాకు చాలా మాటలు పట్టాయి. విన్నాక అతను అడిగింది ఒక్కటే. "అంటే, ఎవరూ రాలేదా సార్?"

ఎవరూ రాలేదని చెప్పాను.

హరిణి ఆ సాయంత్రమే ఒకటి, సున్నాల అర్థాలు తిరగరాసింది. ఫోను మీద సరిచూసిన మిగతా వాల్వులన్నిటినీ మర్నాడు మళ్ళీ సరిచూసింది. ఇంకెక్కడా తప్పు లేదు. మిగతా లైన్‌మన్లు ఓపెన్, క్లోజ్ అనే ఇంగ్లీషు మాటలు వాడారట.

వాల్వు తెరిచే ఉందని తేలాక నీళ్ళు ఎందుకు చేరలేదన్న ప్రశ్న మిగిలింది. దానికీ హిస్టోరియనే దారి చూపింది. పల్లె వేళ ప్రవాహం రోజురోజుకూ కొంచెం కొంచెం సన్నబడుతూ వచ్చింది. దొంగతనమైతే అలా నెమ్మదిగా సన్నబడదు. గొట్టం వెంట నడుచుకుంటూ వెళితే ఒక మిట్ట మీద గాలి బయటికి పంపే వాల్వు బిగుసుకుపోయి దొరికింది. లోపల గాలి పేరుకుని నీళ్ళకు అడ్డుపడుతోంది. దాన్ని మార్చాక చివరి వీధిదాకా నీళ్ళు వెళ్ళాయి. ఏజెన్సీకి రాయాల్సిన లేఖ డీఈ గారు రాయలేదు. దానికి బదులు ఆయనే స్వయంగా పల్లెకు వెళ్ళి, లాజరు తప్పేమీ లేదని నలుగురిలో చెప్పి వచ్చారు. అలా చెప్పే అధికారులు తక్కువ. బిందెలు తెచ్చినవాళ్ళే ఒక్కొక్కరూ వచ్చి తీసుకుపోయారని మాబాషా చెప్పాడు. అప్పుడు కూడా ఎవరూ ఏమీ మాట్లాడలేదట.

లాజరు పనిలో చేరాక ఒకసారి ఆదోని ఆఫీసుకు వచ్చాడు. గ్రాఫు చూస్తానన్నాడు. అతని మెట్లు అతనికి చూపించాను. వేలితో తాకబోయి ఆగాడు. తన చెయ్యి ఇంత దూరం కనిపిస్తుందని తెలియదన్నాడు. నాకూ తెలియదన్నాను. ఇద్దరం కాసేపు ఆ గీత చూస్తూ కూర్చున్నాం.

తర్వాత అతను అసలు వచ్చిన పని అడిగాడు. "ఆ నాళ్ళల్లో మూసినా అని పడింది తుడిసినారా సార్?"

తుడవలేదు. హిస్టోరియన్‌లో పడినదాన్ని తుడవడం మా పద్ధతి కాదు. ఒక్కసారి తుడిచే అలవాటు మొదలైతే రేపు ఎవరికి కావలసింది వాళ్ళు తుడుస్తారు, ఇక చరిత్రకు విలువ ఉండదు. ఆ రోజుల మీద ఒక వివరణ తగిలించాం: ఈ కాలంలో ఈ వాల్వు స్థితిని తిరగేసి చదవాలి, పొరపాటు సంస్థది, లైన్‌మన్‌ది కాదు. ఇదంతా అతనికి చెప్పాను. విన్నాడు. "అయితే ఆడ్నే ఉంటాది" అన్నాడు. ఉంటుందన్నాను. లేచి, చెప్పులేసుకుని, బస్సుకు వేళైందని వెళ్ళిపోయాడు.

పద్ధతి సరైనదే. ఇవాళ అడిగినా అదే చెబుతాను. కానీ అతను అడిగింది కూడా సరైనదే. ఆ రెండింటికీ పొత్తు కుదిర్చే మార్గం నాకు దొరకలేదు.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇది. పరికరం అబద్ధం చెప్పదు, నిజం కూడా చెప్పదు. ఒకటి అంటుంది, సున్నా అంటుంది. ఆ ఒకటికి అర్థం పెట్టేది మనిషి, మనిషి పెట్టే అర్థం అతని ఊరి మాటలోంచి వస్తుంది. అందుకని అంకె చూసి ఒకరి మీద చర్య తీసుకునే ముందు ఆ మనిషిని ఆ పరికరం దగ్గర నిలబెట్టి ఒకసారి తిప్పించి చూడాలి. నా సర్వీసులో మిగిలిన కాలమంతా వాల్వులు సరిచూసేటప్పుడు వేశారా, తీశారా అని ఎవరినీ అడగలేదు. నీళ్ళు పోతున్నాయా అని అడిగాను.